మా ఆయన పాళీలతో కుక్క నెలలు లెక్కపెట్టాను

కుక్కల్ని చూసుకునే పనికి ఇప్పుడు చదువుకున్న పిల్లలు కూడా వస్తున్నారు. మంచిదే. నేను ఆ పనికి వెళ్లిన రోజుల్లో, బట్టల మిల్లుల ఊళ్లో ఉన్ అనే మా బస్తీ ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. "అగో, కుక్క ఆయమ్మ పోతున్నది" అనేవాళ్లు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆ పనిలో నేను చేసిన ఘనకార్యం వాళ్లకు తెలిసి ఉంటే, అడ్డం పెట్టుకున్న ఆ కొంగు కూడా తీసేసి నవ్వేవాళ్లు. అదేమిటో మీకు చెబుతాను. పేర్లు మాత్రం అడగకండి. మేడం పేరు చెప్పను, డాక్టర్ల పేర్లు చెప్పను, కుక్క పేరు అసలే చెప్పను. అది నాకంటే పరువు గలది.

నేను చదివింది మూడో తరగతి. అక్షరాలు వచ్చు, అంకెలు వచ్చు, రాయాలంటే మాత్రం చెయ్యి బరువు. దానికి బదులుగా దేవుడు నాకు జ్ఞాపకం ఇచ్చాడని అందరూ అనేవాళ్లు. అందరికంటే ఎక్కువసార్లు నేనే అనేదాన్ని. బస్తీలో ఎవరి బిడ్డ ఏ రోజు పుట్టిందో బడిలో రాయించేటప్పుడు కన్నతల్లి వచ్చి నన్ను అడిగేది. ఎలా గుర్తుంటుందంటే, పెద్ద రహస్యమేమీ లేదు. ప్రతి రోజుకూ గోడకు కొట్టినట్టు ఒక మేకు ఉంటుంది. సంత జరిగిన రోజు, నీళ్ల ట్యాంకరు రాని రోజు, పక్కింటి వాళ్లు కొట్టుకున్న రోజు. విషయాన్ని ఆ మేకుకు తగిలించి వదిలేస్తే, ఎన్నేళ్లయినా అక్కడే వేలాడుతూ ఉంటుంది.

అన్నిటికంటే గట్టి మేకు మా ఆయన పాళీ, అంటే షిఫ్టు. ఆయన ముప్పై ఏళ్లు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేశాడు. పదిహేను రోజులు పగటి పాళీ, పదిహేను రోజులు రాత్రి పాళీ. పాళీ మారిన రోజున ఇల్లంతా తిరగబడుతుంది. పొద్దున కట్టే అన్నం డబ్బా సాయంత్రం కట్టాలి. పగలు ఆయన పడుకుంటే పిల్లలు గుసగుసగా కొట్టుకోవాలి. రెండు పాళీలైతే నెల. నా ముగ్గురు పిల్లల నెలలూ నేను అలాగే లెక్కపెట్టుకున్నాను. పద్దెనిమిది పాళీలు నిండితే కాన్పు. ఆసుపత్రిలో నర్సు చెప్పిన తేదీ తప్పింది గానీ నా పాళీ తప్పలేదు. అలాంటి దానికి గర్వం ఉండదా మరి?

మొదట నేను ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని. సలాబత్‌పురా చీరల దుకాణాల నుంచి మూటలు వచ్చేవి. కరోనా వచ్చి రింగ్ రోడ్ మార్కెట్లు మూతపడ్డాక మూటలు ఆగిపోయాయి. అప్పుడు బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక తెలుగు మేడం నన్ను పనికి పెట్టుకున్నారు. గోదావరి వైపు మనిషి, ఒక్కరే ఉండేవారు. వంట ఆవిడే చేసుకునేవారు, గిన్నెలకు వేరే మనిషి వచ్చేది. నా పని ఒక్కటే, కుక్క.

పొడుగు చెవుల బీగిల్ కుక్క. నాలుగేళ్లది. అంతకుముందు ఒకసారి చూడి కట్టింది కానీ నాలుగు కూనల్లో ఒక్కటీ దక్కలేదు. కొవ్వు పట్టి ఉంది, పిడుదుల వల్ల జ్వరం వచ్చింది, ఎవరూ సరిగా చూసుకోలేదు. డాక్టరు, తలపండిన ఆయన, మేడంతో ఖండితంగా చెప్పాడట: "ఇంకొక్కసారి చూద్దాం. అదీ కుక్కను ముందు సిద్ధం చేస్తేనే. ఈసారీ పోతే గర్భసంచి తీసేద్దాం." మేడంకు దాని కూన ఒకటి కావాలి. ఎందుకని నేను అడగలేదు. ఒంటరి ఇంట్లో ఒక మనిషి కుక్కతో మాట్లాడే మాటలు వింటే అడగాల్సిన అవసరం ఉండదు.

సిద్ధం చేయడమంటే ఏముందిలే, బాగా తినిపించడమే అనుకున్నాను. డాక్టరు నా మొహం మీదే ఆ మాట కొట్టేశాడు. పదిహేడు కిలోలది పదమూడుకు రావాలి. నులిపురుగుల మందు, టీకాలు అన్నీ జత కట్టకముందే అయిపోవాలి, కడుపుతో ఉన్నప్పుడు టీకాలు కుదరవు. రక్తపరీక్ష దానికీ, మగకుక్కకూ రెండింటికీ చేయాలి. రోజూ చెవుల వెనకా, వేళ్ల సందుల్లోనూ పిడుదులు వెతకాలి. పొద్దునా సాయంత్రం నడిపించాలి. రొట్టె ముక్కలు, బిస్కెట్లు, నెయ్యి, అన్నీ బంద్.

కడుపు పండాల్సిన దాన్ని ఎవరైనా ఎండగడతారా? నా మనసు ఒప్పుకోలేదు. మేడం చూడనప్పుడు జొన్నరొట్టె ముక్కకు నెయ్యి రాసి పెట్టేదాన్ని. అది తిని నా వైపు చూసే చూపు చూస్తే మీరూ పెట్టేవారు.

ప్రతి ఆదివారం బరువు చూడాలి. కుక్క మిషను మీద నిలబడదు కదా, అందుకని నేను దాన్ని ఎత్తుకుని నిలబడేదాన్ని. వచ్చిన అంకెలోంచి నా బరువు తీసేయాలి. మొదటి ఆదివారం మేడం అడిగారు, "నీ బరువెంతమ్మా?"

"నలభై ఎనిమిది" అన్నాను టక్కున.

డెబ్బై వచ్చింది. మేడం లెక్క వేసి అదిరిపోయారు. "ఇరవై రెండా! పదిహేడు కిలోలది ఇరవై రెండు ఎలా అయిందే తల్లీ? దీనికేదో జబ్బు చేసింది." వెంటనే రిక్షా మాట్లాడుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. అక్కడి పెద్ద కాటా మీద పెడితే కుక్క పదహారు. అంటే ఒక కిలో తగ్గింది కూడా. మిగతా ఆరు కిలోలు నావి.

"నలభై ఎనిమిది అని ఎవరు చెప్పారు నీకు?" అన్నారు మేడం.

"నాకు యాదికున్నది మేడం. మా చిన్నోడు పుట్టినప్పుడు తూకం పెట్టిండ్రు."

"మీ చిన్నవాడికి ఇప్పుడెన్నేళ్లు?"

"పెండ్లయింది."

డాక్టరు ముసలాయన ముక్కు మీద నుంచి మాస్కు జారిపోయేలా నవ్వాడు. నా బుద్ధి అక్కడే తెలుసుకోవాల్సింది. నాకు గుర్తున్నది నిజమే, నలభై ఎనిమిదే. ఒళ్లు మాత్రం నన్ను అడక్కుండా పెరిగిపోయింది. ఆ రోజు నేను నేర్చుకున్నదల్లా నెయ్యి మానేయడం. దానికీ, నాకూ.

మూడు నెలల్లో కుక్క నడుము కనిపించింది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే ఒక్కొక్కటీ వేలికి తగిలేది. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. అది ఎదకు వచ్చింది, జత కట్టించడానికి రోజులు కూడా చెప్పాడు. సరిగ్గా ఆ వారమే మేడంకు జ్వరం పట్టుకుంది. రెండో విడత కరోనా అది, ఊరంతా ఆంబులెన్సుల మోత. ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. కుక్కను మగకుక్క ఉన్న ఇంటికి నేనే తీసుకెళ్లాను, రెండు రోజులు.

ఆసుపత్రి మంచం మీద నుంచి మేడం ఫోను చేశారు. మాట మధ్యలో ఆయాసం. "వెళ్లిన తేదీలు క్యాలెండరు మీద రాయి. మర్చిపోకు."

"నేను మర్చిపోవుడా మేడం? మీరు పానం మంచిగ చూసుకోండ్రి."

రాయలేదు. ఎందుకు రాయాలి? రెండో రోజు జత కట్టించి ఇంటికి వచ్చేసరికి మా ఆయన, "ఇయ్యాల్టి నుంచి రాత్రి పాళీ" అన్నాడు. అంతకంటే గట్టి మేకు ఉంటుందా? నాలుగు పాళీలంటే అరవై రోజులు, ఇంకో మూడు రోజులకు కుక్క ఈనుతుంది. మనిషికి పద్దెనిమిది, కుక్కకు నాలుగు. చేతివేళ్లు కూడా మిగులుతాయి.

మేడం ఆసుపత్రిలో, ఆ తర్వాత వాళ్ల చెల్లెలింట్లో ఉన్నన్నాళ్లూ కుక్క మా ఒంటిగది ఇంట్లోనే ఉంది. సాంచాల మోతకు మా ఆయన చెవులు సగం పోయాయి, అందుకని మాట్లాడితే అరిచినట్టే ఉంటుంది. మొదటి రోజు ఆయన "నీళ్లియ్యి" అంటే కుక్క మంచం కిందికి దూరింది. వారం తిరిగేసరికి ఆయన పాదాల మీద తల పెట్టుకుని పడుకునేది. ఆయనకు అదంటే ముద్దే కానీ ఒప్పుకునేవాడు కాదు.

"నా డబ్బల కన్న దాని గిన్నెల మంచిగ పెడుతున్నవేందే?"

"నువ్వు కంటవా పిల్లల్ని? కంటె నీకూ పెడత."

రెండు పాళీలు నిండాక ముసలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటికి ఆయన ఆసుపత్రి లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. వరండాలోనే బల్ల మీద నిలబెట్టి, పొట్టను రెండు వేళ్లతో మెల్లగా తడిమి, "హై, మాసీ" అన్నాడు, ఉంది పిన్నీ అని. కడుపుతో ఉంది. బస్తీలో ఒకామె కాల్షియం మందు ఇవ్వమని చెప్పిందన్నాను. "ససేమిరా వద్దు. ముందే పోస్తే ఈనాక దాని ఒళ్లు తనంతట తాను కాల్షియం తీసుకోవడం మరిచిపోతుంది. అప్పుడు వణుకు వచ్చి పడిపోతుంది" అన్నాడు. ఏ మందైనా అడక్కుండా వేయొద్దు. ఇకపై తిండి కొంచెం కొంచెంగా పెంచాలి, పూటకు తక్కువగా ఎక్కువ పూటలు. రోజుకు ఒక ఉడికిన గుడ్డు పెట్టొచ్చు. ఆఖరి మూడు వారాలు వేరే కుక్కల పక్కకు పోనివ్వొద్దు. మందులు రాయలేదు కాబట్టి చీటీ కూడా ఇవ్వలేదు.

అన్నీ చేశాను. ఈ మాట మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను. బస్తీ కుక్కలు దగ్గరికి రాకుండా చేతిలో కర్ర పట్టుకుని, ముందు అది, వెనక నేను. పోలీసులు కూడా నన్ను చూసి పక్కకు జరిగేవాళ్లు. పాళీ మారిన రోజున ముప్పై గుడ్ల అట్ట తెచ్చేదాన్ని. రోజుకు రెండు గుడ్లు: ఒకటి ఆయన డబ్బాలోకి, ఒకటి దాని గిన్నెలోకి. పదిహేను రోజులకు సరిగ్గా సరిపోతుంది.

మూడో పాళీ అయ్యేసరికి పది గుడ్లు మిగిలాయి. కూర వండాను. నాలుగో పాళీ అయ్యేసరికి పద్నాలుగు మిగిలాయి. మా ఇంటికి కుక్క కాదు, లక్ష్మీదేవే వచ్చిందని పక్కింటామెతో చెప్పి, ఆమెకు కూడా నాలుగు ఇచ్చాను.

నాలుగో పాళీ అయిన రోజే మేడం ఇంటికి వచ్చారు. సగం అయిపోయారు మనిషి. కుక్క ఆవిడను చూసి ఏడ్చినట్టు అరిచింది, ఆవిడ నిజంగానే ఏడ్చారు. ముసలి డాక్టరుకు ఫోను చేస్తే ఆయన భార్య ఎత్తింది, ఆయనా జ్వరంతో పడుకున్నాడట. ఈనే ముందు కుక్క ఒంటి వేడి ఒక్కసారిగా పడిపోతుందని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. పూటపూటకూ తర్మామీటరు పెట్టాం. వేడి పడలేదు. అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. నొప్పులు లేవు, చన్నుల్లో పాలు లేవు. కుక్క మాత్రం హాయిగా తిని గుర్రు పెడుతోంది. అరవై నాలుగో రోజు పొద్దున్నే మేడం కుక్క పొట్టకు చెవి ఆనించి విన్నారు.

"లోపలే పోయాయంటావా?" అన్నారు.

ఊరి అవతల ఇంకో డాక్టరు ఉన్నాడు, కుర్రాడు. మేడం కదలలేరు. నేనూ, దాని పెట్టె మోయడానికి మా ఆయనా వెళ్లాం. మా ఆయన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లాను. డాక్టరు పొట్ట మీద మిషను పెట్టి గుండెల చప్పుడు విని, ఎక్స్‌రే తీశాడు. ఆరు తలలు లెక్కపెట్టి చూపించాడు. తర్వాత చాలాసేపు ఆ ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"కిత్నే దిన్ హుయే, మాసీ?" ఎన్ని రోజులైంది అని.

"చౌసఠ్" అన్నాను. అరవై నాలుగు.

"పక్కా? పిల్లల పళ్లు ఇంకా కనబడటం లేదు. కహీఁ లిఖా హై?"

ఎక్కడైనా రాశావా అని. నన్ను! "లిఖ్‌నా క్యా, సాబ్? మేరే బచ్చోఁకీ కసమ్, చౌసఠ్" అన్నాను. ముగ్గురు పిల్లల మీద ఒట్టు వేసేశాను.

ఆయన మేడంకు ఫోను కలిపాడు. స్పీకరులో ఆవిడ గొంతు వినిపించింది. ఆవిడ హిందీలో చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది: ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు డాక్టర్, ఆమె అరవై నాలుగంటే అరవై నాలుగే.

డాక్టరు నాకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాడు. అరవై నాలుగు నిండినా నొప్పులు రాలేదంటే ఆగడం ప్రమాదం, ఇప్పుడు గుండెలు కొట్టుకుంటున్నాయి గానీ సాయంత్రానికి చెప్పలేం, కోసి తీయాల్సిందే. కానీ లెక్క తప్పయితే, ఊపిరితిత్తులు తయారవకముందే తీసినట్టవుతుంది, ఆరూ పోతాయి. రక్తపరీక్షలో తెలుస్తుంది కానీ ల్యాబు మూతపడి ఉంది. "ఆప్‌కీ బాత్ పర్ కర్ రహా హూఁ, మాసీ" అన్నాడు. మీ మాట మీదే చేస్తున్నాను అని. నేను తల గట్టిగా ఊపాను. ఆయన కుక్క ముందుకాలు మీద వెంట్రుకలు గొరిగాడు, సూది కోసం. అది నా మొహం చూస్తూ పడుకుంది.

పాత బట్టలు తెమ్మంటే బయటికి వచ్చాను. అవి పెట్టెలో ఉన్నాయి, పెట్టె మా ఆయన దగ్గర ఉంది.

"ఏమాయె?" అన్నాడు.

"కోస్తరట. నాలుగు పాళీలు నిండి నాలుగు దినాలాయె, ఇంక నొప్పులు రాకపాయె."

చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఎన్ని పాళీలు?"

"నాలుగూ!"

"నాలుగు పాళీలైతే?"

"అరవై దినాలు. గది గుడ తెల్వదా నీకు?"

"ఏడి అరవై? మనుషులందరు ఊర్లకు పాయిరి గద. మూడో పాళీ పది దినాలకే మార్చిండు సేటు. నాలుగోది ఎనిమిదే. నీకు చెప్పిన."

"ఎన్నడు చెప్పినవు? సాంచాల మోతకు నీ చెవులే కాదు, లెక్క గుడ పోయింది."

"చెప్పిననే. నువ్వు దానికి గుడ్డు పొట్టు తీస్తున్నవు. 'ఊఁ' అన్నవు."

ఆ గుడ్డు దగ్గర నా వేళ్లు లెక్క మొదలుపెట్టాయి.

పది గుడ్లు. పద్నాలుగు గుడ్లు. కలిపితే ఇరవై నాలుగు. రోజుకు రెండు. పన్నెండు రోజులు.

లక్ష్మీదేవి రాలేదు నాయనా. పన్నెండు రోజులు రాలేదు, అంతే. ఆ నెలల్లో సంత లేదు, బడి లేదు, ట్యాంకరు గొడవ లేదు, ప్రతి రోజూ నిన్నటి రోజులాగే ఉంది. మేకులన్నీ ఊడిపోయి ఒక్కటే మిగిలితే, అది వదులై ఊగుతున్నా నేను చూడలేదు. పాళీ అంటే పదిహేను రోజులే. మా ఇంట్లో అది పొద్దుపొడుపు లాంటిది, ఎవరైనా పొద్దును లెక్కపెడతారా? చెవులు పోయిన మనిషి సరిగ్గా చెబితే, చెవులున్నదాన్ని నేను వినలేదు.

ఇప్పుడు లోపలికి వెళ్లి ఆ మాట చెప్పాలి. అయిదారు అడుగుల దూరం. నిజం చెబుతున్నాను, ఆ అయిదారు అడుగుల్లో కూడా నా బుద్ధి ఒక దారి వెతికింది. మా ఆయన మీద నెట్టేస్తే? "మా ఆయన తప్పు చెప్పిండు" అంటే? తలుపు తీసేసరికి కుర్ర డాక్టరు చేతికి గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. కుక్క తోక బల్లను ఒకసారి కొట్టింది, నన్ను చూసి.

"సాబ్, రుకో. మేరా హిసాబ్ గలత్ హై." ఆగండి, నా లెక్క తప్పు అన్నాను.

"కసమ్ ఖాయీ థీ, మాసీ!"

"కసమ్ భీ గలత్." ఒట్టు కూడా తప్పే.

ఆయన గ్లౌజులు తీసి స్టూలు మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. ఎన్ని రోజులని మెల్లగా అడిగాడు. యాభై రెండన్నాను. పాళీల సంగతీ, గుడ్ల సంగతీ చెప్పాను. ఎక్స్‌రే మళ్లీ వెలుతురుకు పట్టుకున్నాడు. "అందుకే పళ్లు లేవు. నా కళ్లను నమ్మాల్సింది, మీ ఒట్టును నమ్మాను" అన్నాడు. ఇంకో పదకొండు రోజులు ఆగమన్నాడు. తలుపు దాకా వచ్చి, "ఆ పదకొండు మాత్రం వేరే ఎవరితోనైనా లెక్కపెట్టించండి, మాసీ" అన్నాడు.

మేడంకు ఫోనులో నేనే చెప్పాను. "నీ లెక్క తప్పదని డాక్టరుతో చెప్పింది నేనే కదమ్మా" అన్నారు. తిట్టినా బాగుండేది. మళ్లీ ఆవిడే, "సరే, ఎండెక్కకముందు దాన్ని తీసుకుని వచ్చెయ్" అన్నారు.

ఆ పదకొండు రోజులూ గోడకు క్యాలెండరు, దారానికి కట్టిన ఎర్ర పెన్సిలు. రోజూ పొద్దున నేనే గీత గీయాలి, మేడం పక్కన నిలబడి చూడాలి. మూడో తరగతిలో పంతులు కూడా నన్ను అంత దగ్గర నిలబడి చూడలేదు. పదో గీత రోజు సాయంత్రం చన్నుల్లో పాలు కనిపించాయి, వేడి పడిపోయింది. పదకొండో గీత గీసి నేను పెన్సిలు వదలకముందే నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఆరు. ఆఖరిది కదలకపోతే తువ్వాలుతో రుద్దీ రుద్దీ నా చేతులు పడిపోయాయి. అది తుమ్మింది. మేడం నేల మీదే కూర్చుండిపోయారు. ఆ తుమ్మిన దాన్నే ఉంచుకున్నారు.

ఆపరేషన్ చేయించి మేడం తల్లికుక్కను ఇంకెప్పుడూ కననివ్వలేదు. నేనూ ఆ తర్వాత రెండేళ్లకు పని మానేశాను. గొరిగిన ముందుకాలు మీద వెంట్రుకలు రావడానికి చాలా రోజులు పట్టింది. నేను గిన్నె పెట్టిన ప్రతిసారీ ఆ కాలే ముందుకు చాపేది. మొత్తం ఆ కాన్పులో నేను రాయించిన ఒకే ఒక్క గుర్తు అది.

కాబట్టి పిల్లలూ, రాసుకోండి. చెయ్యి బరువైతే గీతైనా గీయండి.

ఇదంతా నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. రోజుల లెక్క మాత్రం మా ఆయన్ని అడిగి వేశాను.